రిజిస్టరులో పేరు లేని టీచర్ల గురించి పాఠశాల విద్యాశాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ కమిషనర్ గారికి, రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి సంచాలకుల గారికి,

నమస్కారం.

కిందటి సంవత్సరం ఒక ఉదయం, ప్రార్థన ముగిసి పిల్లలు తరగతుల్లోకి వెళ్తుండగా మా బడి ఆఫీసుకు ఫోను వచ్చింది. తనిఖీకి వస్తున్నారని కబురు. పావుగంట గడవకముందే ముగ్గురు టీచర్లు చేతిసంచులు తీసుకుని వెనక మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయారు. ఒకటో తరగతి టీచరు, రెండో తరగతి టీచరు, నాలుగో తరగతి టీచరు. వాళ్ల పిల్లలను పక్క గదుల్లో బెంచీకి ఐదుగురు చొప్పున సర్ది కూర్చోబెట్టాం. ఆ ముగ్గురూ ఎదురు సందులో టిఫిన్ కొట్టు పక్కన మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. నా గది కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నారు. ఒకటో తరగతి పాప ఒకతి కిటికీ ఊచలు పట్టుకుని వాళ్లను చూసి, "మా మిస్‌ను ఎవరు బయట నిలబెట్టారు?" అని నన్ను అడిగింది. ఆ పాపకు తెలిసినంతలో బయట నిలబడటమంటే శిక్ష.

ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చాలా రాత్రులు ఆలోచించాను. పంపించిన యాజమాన్యమా, వెళ్లక తప్పని స్థితి తెచ్చిన నిబంధనా, అన్నీ తెలిసి లోపల పాఠం చెప్పుకుంటూ కూర్చున్న నేనా? అందరికీ ఇందులో కొంత భాగం ఉంది. కానీ వాళ్లను తిరిగి లోపలికి పిలిచి, తలెత్తుకుని పాఠం చెప్పుకునేలా చేయగల అధికారం మాత్రం మీ చేతుల్లోనే ఉంది. అందుకే మీకు రాస్తున్నాను. నలుగురూ చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

ఆ ముగ్గురికీ డీఈడీ, అంటే ప్రాథమిక టీచర్లకు ఉండవలసిన రెండేళ్ల డిప్లొమా, లేదు. ఒక అమ్మాయి ఇంటర్ ఎంపీసీ, ఇంకొక అమ్మాయి బీకాం. మూడో ఆమె పెళ్లితో చదువు ఆగిపోయి, తన పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక దూరవిద్యలో బీఏ పూర్తిచేసింది. హాజరు రిజిస్టరులో వాళ్ల స్థానంలో వేరే ముగ్గురి పేర్లున్నాయి. ఆ పేర్లు గల మనుషులను నేను ఇంతవరకు చూడలేదు. బడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక బడి మీద చర్య తీసుకోమని కోరడానికి ఈ ఉత్తరం రాయలేదు. నాతో పనిచేసి ఇప్పుడు గోపాలపట్నంలో, ఆరిలోవలో, మధురవాడలో చెబుతున్న స్నేహితురాళ్లను అడిగితే వాళ్ల బడుల్లోనూ ఇటువంటి ఉదయాలున్నాయని చెప్పారు.

నేనూ ఒకప్పుడు అలా వీధిలో నిలబడినదాన్నే. 2009లో ఇంటర్ పూర్తయ్యాక, పందొమ్మిదేళ్ల వయసులో, గాజువాక వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో నెలకు పద్దెనిమిది వందల జీతానికి రెండో తరగతి చెప్పడం మొదలుపెట్టాను. నాన్న ఆటోనగర్‌లో లేత్ మెషిన్ దగ్గర పనిచేసేవారు. డీఈడీ ప్రవేశ పరీక్ష రాస్తే ప్రభుత్వ సీటు రాలేదు. ప్రైవేటు కళాశాలలో డబ్బు కట్టి చదివే స్థితి మాకు లేదు. చేరిన మొదటి రోజు హెచ్ఎం గారు నా చేతిలో ఒక సుద్దముక్కల పెట్టె, పాఠ్యపుస్తకాలు పెట్టి, గది చూపించి వెళ్లిపోయారు. నాకు అందిన శిక్షణ అంతే. నన్ను నా చిన్నప్పటి టీచర్లు ఎలా చదివించారో అలాగే చదివించాను. గట్టిగా చెప్పించడం, పదిసార్లు రాయించడం, రానివారిని నిలబెట్టడం.

మరుసటి ఏడాది, 2010 ఏప్రిల్ 1న, విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి వరకు చెప్పే ప్రతి టీచరుకూ కనీస అర్హత ఉండాలి. ఆ అర్హత ఏమిటో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి అదే ఏడాది ఆగస్టు 23న ప్రకటించింది. ఐదో తరగతి వరకు చెప్పాలంటే ఇంటర్‌లో 50 శాతం మార్కులు, రెండేళ్ల డిప్లొమా, ఆపైన టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్షలో, ఉత్తీర్ణత. రిజర్వేషన్ వర్గాలకు మార్కుల్లో ఐదు శాతం సడలింపు. అప్పటికే పనిలో ఉన్న అర్హత లేనివారికి ఐదేళ్ల గడువు ఇచ్చారు. ఆ గడువు 2015 మార్చి 31తో దాటిపోయింది. నిజం చెబుతున్నాను, ఆ ఐదేళ్లలో మా బడిలో ఒక్కరు కూడా మాకు ఆ గడువు సంగతి చెప్పలేదు. మేమూ అడగలేదు, ఎందుకంటే అడగవలసింది ఒకటి ఉందనే మాకు తెలియదు.

2017లో పార్లమెంటు చట్టాన్ని సవరించి గడువును 2019 మార్చి 31 వరకు పొడిగించింది. పనిలో ఉన్నవారి కోసం జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, మనం ఎన్‌ఐఓఎస్ అని పిలిచే సంస్థ, దూరవిద్యలో ప్రాథమిక టీచర్ల డిప్లొమా అయిన డీఎల్ఈడీ ప్రారంభించింది. దేశమంతటా పది లక్షల మందికి పైగా టీచర్లు అందులో చేరారు. 'స్వయం' పోర్టల్లో పాఠాలు, 'స్వయంప్రభ' టీవీ చానల్లో పాఠాలు, సెలవు రోజుల్లో అధ్యయన కేంద్రంలో తరగతులు. నేనూ చేరాను. ఇంటర్‌లో 47 శాతం వచ్చిన ఓసీ సహోద్యోగి ఒకామె డిప్లొమాతో పాటే ఇంటర్ మార్కులు పెంచుకునే పరీక్షలు కూడా రాసింది. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని ఆమె ఆ రెండూ పూర్తిచేసింది. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వం కలుగుతుంది.

ఆ చదువులో చాలా భాగం కాగితాల మీదే గడిచిపోయింది. ఏ కేంద్రమో చెప్పను గానీ, మేము వెళ్లిన చోట అసైన్‌మెంటు జవాబులు పక్కనున్న జిరాక్స్ కొట్టులో దొరికేవి. చూసి రాసి ఇస్తే మార్కులు పడేవి. నేను ఆ కొట్టులో కొనలేదని చెప్పుకోను, కొన్నాను. పొద్దున్నుంచి నాలుగు వరకు బడి, ఆపైన ట్యూషన్, ఇంటిపని, రాత్రి పదకొండు తర్వాత ఆ పుస్తకాలు. చేతకాని రోజు కొన్నాను.

కానీ ఆ డిప్లొమాలో భాగంగా జరిగిన కార్యశాలలో గడిపిన రోజులు నన్ను మార్చాయి. వాటి గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. శిక్షణ ఎందుకు కావాలని అడిగేవారికి నా దగ్గర అంతకు మించిన జవాబు లేదు.

నలభై రెండులోంచి పదిహేడు తీసివేయమంటే నా తరగతిలో సగం మంది 35 అని రాసేవారు. ఎనిమిదేళ్లపాటు ఆ 35ను ఎర్ర సిరాతో కొట్టేసి, "పక్క ఇంటి నుంచి అప్పు తెచ్చుకోవాలి" అని చెప్పి, మళ్లీ పది లెక్కలు చేయించేదాన్ని. కార్యశాలకు వచ్చిన ఒక విశ్రాంత అధ్యాపకురాలు బోర్డు మీద ఆ లెక్క వేసి, కింద 35 అని రాసి, మా వైపు తిరిగి అడిగారు: "ఈ పిల్లవాడు ఏమి ఆలోచించి ఉంటాడు?" గదిలో నలభై మందిమి ఉన్నాం. ఎవరికీ నోరు పెగల్లేదు. తప్పు అని మాత్రమే మాకు తెలుసు. ఆ తప్పులో ఒక ఆలోచన ఉంటుందని మాకు తట్టనే లేదు. ఆమే చెప్పారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి వాడు ఏడులోంచి రెండు తీసేశాడు. పెద్ద అంకెలోంచే చిన్న అంకె తీసివేయాలని ఒకటో తరగతిలో మనమే నేర్పాం. వాడు మన మాట విన్నాడు. విన్నందుకు ఎర్ర సిరా పడింది.

తర్వాత ఆమె చీపురు పుల్లలు తెప్పించారు. పదేసి పుల్లలు ఒక కట్టగా రబ్బరు బ్యాండు వేసి నాలుగు కట్టలు, విడిగా రెండు పుల్లలు. "ఇందులోంచి నాకు పదిహేడు ఇవ్వండి" అన్నారు. విడిపుల్లలు ఇచ్చాక ఇంకా కావాలంటే ఎవరైనా ఏమి చేస్తారు, కట్ట విప్పుతారు. అంతే. పక్క ఇంటి మాట ఎందుకు, అప్పు మాట ఎందుకు? తన కట్టను తానే విప్పుకున్నాడు. ఎవరి దగ్గరా ఏమీ తెచ్చుకోలేదు. స్థాన విలువ అనే మాటను ఎనిమిదేళ్లుగా పలుకుతూ వచ్చిన నాకు దాని అర్థం ఆ రోజు తెలిసింది.

సోమవారం నా తరగతిలో అదే చేయించాను. ఎప్పుడూ వెనక బెంచీలో తల వంచుకుని కూర్చునే పిల్లవాడు కట్ట విప్పి, పుల్లలు లెక్కపెట్టి, "ఇరవై ఐదు మిగిలాయి మిస్" అని అరిచాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో కాదు. తరగతికి నలభై మంది చొప్పున ఎనిమిదేళ్లలో మూడు వందల మందికి పైగా పిల్లలు నా చేతుల మీదుగా వెళ్లారు. వాళ్లలో ఎంత మంది, లెక్కలు తమకు రావని నమ్మి వెళ్లిపోయారో. వాళ్లకు నేను బాకీ. నాలాంటి టీచర్లను చేతిలో సుద్దముక్క పెట్టి వదిలేసిన ప్రతి ఒక్కరూ బాకీ.

చదవడంలోనూ అంతే. మా పిల్లలు తెలుగు పాఠం గడగడ చదివేవారు. తల్లిదండ్రులు మురిసిపోయేవారు. అదే పాఠంలోని నాలుగు మాటలు వరస మార్చి బోర్డు మీద రాస్తే చాలామంది ఆగిపోయేవారు. బట్టీకి, చదవడానికి తేడా గుర్తుపట్టడం కూడా ఒకరు నేర్పితేనే వచ్చింది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2019 మార్చి 31 దాటింది. ఆ రోజు నుంచి, కాగితాల ప్రకారం, ఈ దేశంలో అర్హత లేని ప్రాథమిక టీచరు అంటూ ఉండకూడదు. టిఫిన్ కొట్టు దగ్గర నిలబడిన ఆ ముగ్గురూ 2021 తర్వాత చేరినవారు. చట్టం ఇచ్చిన ఏ గడువులోనూ వాళ్లు లేరు. వాళ్లు చేరడమే నిబంధనలకు విరుద్ధం. కాబట్టి బడి వాళ్లను దాచిపెడుతుంది. దాచిన మనిషి లెక్కలోకి రాదు, లెక్కలోకి రాని మనిషికి శిక్షణ ఇవ్వడానికి ఎవరూ బడ్జెటు రాయరు. కానీ ఆమె ఎదుట రోజూ నలభై మంది పిల్లలు కూర్చుంటున్నారు. ఆ పిల్లలు మాత్రం మీ లెక్కల్లో ఉన్నారు.

అర్హత లేనివారిని ఎందుకు చేర్చుకుంటున్నారని యాజమాన్యాలను నిలదీయడం సులువు. నిలదీయవలసిన యాజమాన్యాలు ఉన్నాయి కూడా. కానీ నేను పదహారేళ్లుగా లోపల నుంచి చూస్తున్నాను, ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2025లో మెగా డీఎస్సీ ద్వారా ప్రభుత్వం 16,347 పోస్టులకు నియామకాలు చేపట్టింది. చాలా మంచి పని. మా బడిలో డీఈడీ, టెట్ ఉన్న ఇద్దరు టీచర్లకు ఉద్యోగాలు వచ్చాయి. స్వీట్లు పంచారు, అందరం సంతోషించాం. అది విద్యా సంవత్సరం మధ్యలో జరిగింది. వారం తిరగకుండా వాళ్ల గదుల్లో ఇద్దరు కొత్త అమ్మాయిలు ఉన్నారు, ఇద్దరూ మొన్ననే డిగ్రీ ముగించినవారు. నెలకు ఎనిమిది వేలకు డీఈడీ, టెట్ రెండూ ఉన్నవారు ఎవరు వస్తారు? ఆ ఎనిమిది వేలు కూడా స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు కార్మికులు, ఆటో నడిపేవారు, ఫిషింగ్ హార్బర్‌లో వలలు మోసేవారు రెండు మూడు వాయిదాల్లో కట్టే ఫీజులోంచి రావాలి. ప్రభుత్వ బడికి ఒక టీచరు వెళ్లినప్పుడల్లా వీధి బడిలో ఒక గది శిక్షణ లేని చేతుల్లోకి వెళ్తోంది. రెండు చోట్లా ఉన్నది ఇదే నగరం పిల్లలు.

ఇక్కడ ఒక్క మాట ఏజెన్సీ గిరిజన ప్రాంతం గురించి. పాడేరు, అరకు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నా 2022 వరకు మన విశాఖ జిల్లావే. 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో గిరిజన పిల్లలకు వాళ్ల మాతృభాషలో చదువు మొదలుపెట్టే కార్యక్రమం వచ్చింది. కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి ఎనిమిది భాషల్లో పుస్తకాలు తయారుచేశారు. కువి తప్ప మరో మాట రాని ఒకటో తరగతి పాపకు ఆ భాష మాట్లాడే ఊరి యువకుడు అక్షరం నేర్పగలడు, డిప్లొమా చేతిలో ఉన్న మైదానం టీచరుకు ఆ పాప దాహమన్నా అర్థం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. ఆ తర్వాత అటువంటి యువకులకు శిక్షణ ఇచ్చి అర్హులను చేయవలసిన అవసరం ఇంకా పెరిగింది. అర్హత లేనివారంటే పనికిరానివారని అర్థం కాదు. కొన్ని చోట్ల పిల్లలకు కావలసిన ఒకే ఒక్క విద్య వాళ్ల దగ్గరే ఉంది, దాన్ని పాఠంగా మలచడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

నేను అడ్డదారి అడగడం లేదు. అడ్డదారి ఎక్కడికి తీసుకెళ్తుందో మాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మేము చదివిన ఆ డీఎల్ఈడీ పద్దెనిమిది నెలలది. నిబంధనల్లో ఉన్నది రెండేళ్లు. ఆ తేడా ప్రభుత్వం పెట్టినదే గాని మేము కోరుకున్నది కాదు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు, కొత్త నియామకాలకు ఆ పద్దెనిమిది నెలల డిప్లొమా రెండేళ్ల డిప్లొమాతో సమానం కాదని తీర్పు చెప్పింది. 2017 ఆగస్టు 10 నాటికి పనిలో ఉండి, గడువులోగా పూర్తిచేసినవారికి అది చెల్లుతుందని 2024 డిసెంబరులో స్పష్టత ఇచ్చింది. మధ్యలో గడిచిన ఆ ఏడాది నాకు బాగా గుర్తు. నాతో చదివిన ఒకామె డిప్లొమా సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవరులోంచి తీసి చూసి మళ్లీ లోపల పెట్టేది. కాబట్టి ఆరు నెలలు తగ్గించండి, పరీక్ష తేలిక చేయండి అని మీ దగ్గరకు రావడం లేదు. పూర్తి రెండేళ్ల చదువు చెప్పండి. సగం చదువు చెప్పి పూర్తి కాగితం ఇస్తే రేపు ఆ కాగితం పట్టుకుని కోర్టు మెట్ల దగ్గర నిలబడేది మళ్లీ మేమే.

2025 సెప్టెంబరు 1న టెట్ గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ప్రభుత్వ టీచర్ల ఆందోళన అందరూ చూశారు. ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవారు రెండేళ్లలో టెట్ పాసవ్వాలని ఆ తీర్పు చెప్పింది. ఎన్నో ఏళ్లుగా పాఠం చెబుతున్నవారి బాధ న్యాయమైనదే. వాళ్ల తరఫున మాట్లాడటానికి సంఘాలున్నాయి. మా వీధి బడుల అమ్మాయిలు టెట్ రాద్దామన్నా రాయలేరు, ముందు డిప్లొమాలో చేరి ఉండాలి. డిప్లొమాలో చేరాలంటే రెండేళ్లు పని మానేసి కళాశాలకు వెళ్లాలి. పని మానేస్తే ఇల్లు గడవదు. ఆ గొలుసు ఎక్కడో ఒకచోట మీరు తెంచాలి.

ఎక్కడ తెంచాలో నాకు తోచినది చెబుతాను.

అన్నిటికంటే ముందు, నిజం చెప్పే అవకాశం ఇవ్వండి. ఏటా యూడైస్‌లో, అంటే బడుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ పట్టికలో, ప్రతి బడి ప్రతి టీచరు చదువు వివరాలు నింపుతుంది. ఒకే ఒక్కసారి, మూడు నెలల గడువు పెట్టి, అర్హత లేని టీచర్ల పేర్లు ఉన్నది ఉన్నట్టు నమోదు చేసిన బడికి గుర్తింపు రద్దు చేయబోమని, ఆ టీచరును తొలగించమని ఒత్తిడి చేయబోమని రాతపూర్వకంగా ప్రకటించండి. ఆ గడువు దాటాక కూడా దొంగపేర్లు రాసిన బడిపై మీరు ఎంత కఠినంగా ఉన్నా నేను మీ వైపే నిలబడతాను. భయంతో నింపిన పట్టిక చూసి ప్రణాళిక వేస్తే ఆ ప్రణాళిక ఎవరికీ చేరదు.

తర్వాత, చదువును వాళ్ల దగ్గరకు తీసుకురండి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల్లోనే పనిచేస్తున్న టీచర్లకు దూరవిద్యలో ఈ డిప్లొమా చెప్పే పద్ధతి ఉంది. రాష్ట్రం తరఫున ఆ అనుమతి కోరండి, వెంటపడి సాధించండి. మనకు భీమిలిలో డైట్, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థ, ఉంది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకు ఒకటి చొప్పున ఈ సంస్థలు పెట్టిందే ప్రాథమిక టీచర్ల కోసం. ప్రైవేటు బడి టీచరు కూడా ప్రాథమిక టీచరే. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో అక్కడ ముఖాముఖి తరగతులు పెట్టండి. గాజువాక నుంచి రెండు బస్సులు మారి సముద్రం పక్కగా భీమిలి రావడం మాకు కష్టం కాదు. అక్కడ బోధన జరగాలి, హాజరుపట్టీలో సంతకంతో పని ముగిసిపోకూడదు.

ఆ రెండేళ్లూ గడిచే దాకా పిల్లలు ఆగరు కాబట్టి, వచ్చే నెల నుంచే చేయగల పని ఒకటి ఉంది. దగ్గర దగ్గర బడుల ప్రభుత్వ టీచర్లు ఒకచోట చేరే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోకి చుట్టుపక్కల ప్రైవేటు బడుల టీచర్లను కూడా రానివ్వండి. వెనక వరసలో కూర్చుని వింటాం. దీనికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త పోస్టు అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

అన్నిటికంటే నేను గట్టిగా పట్టుబట్టేది దీని గురించి: ఎవరో ఒకరు వచ్చి మా తరగతిలో వెనక కూర్చుని మేము చెప్పే పాఠం చూడాలి. పదహారేళ్లలో నా రిజిస్టర్లు చూసినవారు, నోట్‌బుక్కులు దిద్దానా లేదా అని చూసినవారు, మరుగుదొడ్లు చూసినవారు ఎంతోమంది వచ్చారు. నా పాఠం మొదటి నుంచి చివరి దాకా విన్నవారు ఒకే ఒక్కరు, డీఎల్ఈడీ బోధనాభ్యాసం రోజుల్లో. ఆమె ఆ రోజు రాసి ఇచ్చిన అరపేజీ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. "పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు మీరు వెంటనే మరొక పిల్లవాడిని అడుగుతున్నారు. ఒక్క నిమిషం ఆగి అతనినే అడగండి." ఆ ఒక్క వాక్యం నాకు పుస్తకాలన్నిటికంటే ఎక్కువ నేర్పింది. శిక్షణ పొందిన అనుభవజ్ఞులు, విశ్రాంత టీచర్లు ఈ నగరంలో ఎంతోమంది ఉన్నారు, అలాంటివారు నెలకు ఒక్కసారైనా వచ్చి చూసి, అలాంటి అరపేజీ రాసి ఇవ్వాలి. దాన్ని తనిఖీకి వాడకూడదు. టీచరు చేతికే ఇవ్వాలి.

ప్రైవేటు బడుల్లో ఒక అలవాటు ఉంది, దాన్ని కూడా మీరు మాన్పించాలి. అందరికంటే తక్కువ చదివిన, అందరికంటే కొత్తగా వచ్చిన టీచరుకు ఒకటో తరగతి ఇస్తారు. చిన్నపిల్లలే కదా అంటారు. నా అనుభవంలో ఒకటో తరగతి అన్నిటికంటే కష్టమైనది. అక్కడ అక్షరం, అంకె సరిగా పడకపోతే ఐదో తరగతి టీచరు ఎంత చదివినవారైనా ఏమీ చేయలేరు. శిక్షణ పొందిన టీచరు బడిలో ఒక్కరే ఉన్నా ఆమెను ఒకటో తరగతిలో పెట్టాలని గుర్తింపు నిబంధనల్లో చేర్చండి.

ఖర్చు గురించి. డిప్లొమా ఫీజు టీచరు జీతంలోంచి కోయకూడదు. యాజమాన్యం సగం, ప్రభుత్వం సగం భరించాలని నా అభిప్రాయం. పరీక్ష రోజులకు జీతం కోయకూడదు. ఇంకొకటి, చాలా బడుల్లో చేరిన రోజే టీచర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు. మధ్యలో మానేయకుండా అది పగ్గం. నా ఇంటర్ మార్కుల జాబితా అలా నాలుగేళ్లు వేరొకరి బీరువాలో ఉంది. డిప్లొమాకు దరఖాస్తు చేయాలంటే ఆ కాగితం కావాలి. ఎవరి సర్టిఫికెట్టు వారి దగ్గరే ఉండాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి.

ఇన్ని అడిగాక మా వైపు నుంచి కూడా ఒక మాట ఇవ్వాలి. పూర్తి అవకాశం ఇచ్చి, రెండేళ్లు చదివించి, ఆపైన మరో ఏడాది గడువు ఇచ్చాక కూడా అర్హత సంపాదించని టీచరు ప్రాథమిక తరగతి వదిలి వెళ్లాలి. నా తోటివారికి ఇది కఠినంగా అనిపిస్తుందని తెలుసు. కానీ ఆ ఎర్ర సిరా పడిన 35ను నేను మరచిపోలేను. చట్టం కనీస అర్హత అన్నది పిల్లలను దృష్టిలో పెట్టుకునే. టీచరు మీద జాలితో దాన్ని మాఫీ చేయమని నేను ఎప్పటికీ అడగను. ఆ అర్హత దగ్గరకు చేరే దారి మూసేసి, చేరలేదని వీధిలో నిలబెట్టకండి అని మాత్రమే అడుగుతున్నాను.

ఆ ముగ్గురిలో బీకాం చదివిన అమ్మాయి ఆ నెలాఖరుకే మానేసింది. ఇప్పుడు జగదాంబ దగ్గర బట్టల దుకాణంలో పనిచేస్తోంది. పిల్లలకు కథ చెబుతుంటే పక్క గదిలో మేము కూడా ఆగి వినేవాళ్లం, అంత బాగా చెప్పేది. మిగిలిన ఇద్దరూ ఉన్నారు. శనివారం సాయంత్రాలు మా ఇంటి మేడ మీద కూర్చుంటున్నాం, పుల్లల కట్టలు, అక్షరాల అట్టముక్కలు పెట్టుకుని. పక్క వీధుల బడుల నుంచి కూడా వస్తున్నారు, ఇప్పటికి పదకొండు మంది అయ్యారు. నాకు తెలిసినది కొంచెమే, అది వాళ్లకు చెప్పడం అయిపోవచ్చింది.

ఆ పదకొండు మంది పేరు, చదువు, చెప్పే తరగతి, ఎన్నేళ్లుగా చెబుతున్నారు అన్న వివరాలు వాళ్ల అంగీకారంతో ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాను. వాళ్లకు గానీ వాళ్ల బడులకు గానీ శిక్ష ఉండదని మీరు రాతపూర్వకంగా మాట ఇచ్చిన రోజున ఆ పుస్తకం భీమిలి డైట్‌కు తెచ్చి ఇస్తాను. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరిని కలవాలో తెలియజేయండి. ఆదివారమైతే పదకొండు మందీ నాతో పాటే వస్తామన్నారు.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
గాజువాక, విశాఖపట్నం.